నడవండ్రి గానీ రోహిణి కార్తెల వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్ జిల్లా పేజీల ఒక చిన్న వార్త చూసిన. మన దిక్కు మాజీ సైనికులు కొంతమంది వీపుకు పిట్టు, అంటే ఫౌజీలు సామాన్లు మోసే సంచి, కట్టుకొని నల్గొండ క్లాక్‌టవర్ కాడ బయల్దేరి సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్ దగ్గరున్న సైనిక స్మారకం దాక నడుస్తరట, జూన్ 2 పొద్దుగాల ఆడ పూలదండ పెడ్తరట. వార్తల పేర్లు రాయలేదు, మంచిపనైంది, ఎందుకంటే అండ్ల ఒక పేరు మా ఆయనది. నా పేరు గూడ వెయ్యకుండ్రి, ఉత్తరం మాత్రం వెయ్యండ్రి. పేరు వేస్తే మా ఇంట్ల కోర్ట్ మార్షలే.

ముందే చెప్తున్న, నేను నడకకు అడ్డం పడేదాన్ని కాదు. ఫౌజీని చేసుకున్నదాన్ని, భయం నాకు కొత్త గాదు. 1999ల కార్గిల్ లడాయి నడుస్తున్నప్పుడు మా ఊర్ల ఒక్కటే ఎస్టీడీ బూత్ ఉండేది, ఆయన ఉత్తరం మీద 56 ఏపీఓ అని ఆర్మీ పోస్టాఫీసు నంబర్ ఉండేది తప్ప యాడున్నడో తెల్వకపోయేది, ఉత్తరం అందిందంటే అది రాసిననాడు మనిషి మంచిగున్నడన్నట్టు, ఇయ్యాల ఎట్లున్నడో దేవునికే ఎరుక. అప్పుడు నన్నెవరు అడగలే, నేను గూడ ఎవర్ని అడగలే, అది డ్యూటీ. ఇది డ్యూటీ గాదు గద సార్. పెన్షన్ తీసుకునే మనుషులు వాట్సాప్ గ్రూపుల మాటా మాటా అనుకొని పెట్టుకున్న పందెం ఇది. అందుకే ఈసారి నాలుగు మాటలు అడగాలనుకున్న.

మా ఆయనకిప్పుడు 57. హవల్దార్‌గ రిటైరై వచ్చి ఒక బ్యాంకుల గన్‌మ్యాన్‌గ చేస్తున్నడు. ఎండాకాలం చలికాలం లేదు, తెల్లారుజామున లేచి ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌ల నాలుగు రౌండ్లు కొట్టి వచ్చినంకనే చాయ తాగుతడు. చూసేటోళ్లకు మనిషి ఇనుము లెక్కనే కనబడ్తడు. ఇంట్ల ఉన్నదాన్ని నాకు తెలుసు, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకొని దిగుతడు, అదీ ఎవరు చూస్తలేరనుకుంటేనే. కింద గూసొని తినుడు బంద్ చేసి చాన రోజులైంది, అడిగితే "కుర్చీ కొన్నది దేనికి మరి" అంటడు. బీపీ గోలీలు మింగుతడు, దాంట్ల ఒకటి నీళ్ల గోలీ, అంటే ఒంట్ల నీళ్లు ఎక్కువ బయటికి పోయేటట్టు చేసేది. ఇవన్నీ పెట్టుకొని ఇప్పుడు పాత పిట్టుల ఇసుక సంచి నింపుకొని పొద్దుగాల పానగల్లు చెరువు కట్ట మీద ప్రాక్టీసు షురూ చేసిండు.

మోకాళ్ల సంగతి కొంచెం ఇవరంగ చెప్పాలె, ఎందుకంటే ఇది మా ఒక్క ఇంటి సంగతి గాదు. ఆయన పుట్టి పెరిగింది మర్రిగూడ దిక్కు. ఆ దిక్కు నీళ్లంటే నేను చెప్పాల్సిన పని లేదు, నల్గొండ ఫ్లోరైడ్ అంటే దునియాకంతా ఎరుకే, పటిక సున్నం కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టిండ్రు, పేరైతే వచ్చింది గానీ బొక్కలు బాగుపడలే. లీటర్ నీళ్లల్ల ఒకటిన్నర మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉండొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా అత్తగారి ఊర్ల బోరు నీళ్లు ఆ లెక్క ఎన్నడో దాటినయ్. ఇప్పుడంటే నల్లాల కృష్ణ నీళ్లొస్తున్నయ్, సంతోషమే, కాని చిన్నప్పుడు తాగిన నీళ్లు బొక్కలల్ల పేరుకొని కూసున్నయ్, అవి ఇప్పుడు తాగే నీళ్లతోని కడుక్కపోవు. పందొమ్మిదేండ్లకు భర్తీ అయినప్పుడు ఏం కనబడలే, ఉరికిండు, దుంకిండు, తాడెక్కిండు, సెలెక్ట్ అయిండు. యాభై దాటినంక నడుము పట్టేసుడు, మెడ తిరగకపోవుడు, మోకాళ్లు బిర్రుగయ్యుడు మొదలైంది. ఎక్స్‌రే చూసిన డాక్టర్ మొదటి మాటనే "మీది ఏ ఊరు" అని అడిగిండు. ఊరి పేరు చెప్తే తల ఊపి రాసుకున్నడు.

ఆ నడిచేటోళ్లల్ల మా ఊరోళ్లు, మునుగోడు, చండూరు, నాంపల్లి దిక్కోళ్లు గూడ ఉన్నరట. వాళ్లెవరన్నా ఎక్స్‌రే తీయించుకున్నరో లేదో నాకైతే డౌటే.

ఇగ ఈ ఆలోచన యాడికెళ్లి వచ్చిందంటే, మా అక్క కొడుకు అమెరికాల టెక్సస్‌ల ఉంటడు. వాడు ఒకనాడు మా ఆయనకు ఫోన్‌ల ఒక వీడియో పంపిండు. టెక్సస్ పక్కన న్యూమెక్సికో రాష్ట్రంల వైట్ శాండ్స్ అని మిలిటరీ మిసైళ్లు పరీక్షించే ఎడారి జాగ ఉంది, ఆడ ఏటా మార్చి నెలల బటాన్ పేరు మీద ఒక మార్చ్ పెడ్తరు. 26.2 మైళ్లు, అంటే మారథాన్ అంత, 42 కిలోమీటర్ల పైన. హెవీ అని ఒక గ్రూపుంటది, వాళ్లు 35 పౌండ్లకు తక్కువ కాకుండ మొయ్యాలె, మన లెక్కల పదహారు కిలోలు అనుకోండ్రి. మట్టి, ఇసుక, గుట్టెక్కుడు, గుట్ట దిగుడు. నౌకరీల ఉన్న సిపాయిలు, రిటైరైనోళ్లు, కాళ్లు పోయి కృత్రిమ కాళ్లు పెట్టుకున్నోళ్లు, మామూలు జనం, అందరు నడుస్తరు. ఆ వీడియో మా ఆయన ఎన్నిమాట్ల చూసిండో, చూసిన ప్రతిసారి నన్ను పిలిచి "చూడు చూడు ఆ ముసలాయన్ను చూడు" అంటడు. గ్రూపుల వేసిండు. ఇంకేముంది, వాళ్లు ఎడారిల చేస్తే మనం హైవే మీద చెయ్యలేమా అని ఒకరంటే, వాళ్లది 42 అయితే మనది 100 అని ఇంకొకరన్నరు. ముందైతే సూర్యాపేటల కర్నల్ సంతోష్ బాబు విగ్రహం కాడ మొదలుపెడ్దమనుకున్నరట, అది 130 కిలోమీటర్లు దాటుతదని తెలిసి నల్గొండకు తగ్గించిండ్రు, అక్కడికి అదొక దయ.

నేను చదువుకున్నది ఇంటర్ దాకనే గానీ మా పిల్లతోని ఆ బటాన్ సంగతంతా నెట్‌ల చదివించుకున్న, ఈ మనిషి దేనికి ఇట్ల ఊగిపోతున్నడో నాకు తెల్వాలె గద. తెలిసినంక నాకు గూడ గొంతు పట్టుకున్నది, అబద్ధం ఎందుకు చెప్పాలె. రెండో ప్రపంచ యుద్ధంల, 1942 ఏప్రిల్ 9న ఫిలిప్పీన్స్‌ల బటాన్ అనే కాడ అమెరికా, ఫిలిప్పీన్స్ సిపాయిలు డెబ్బై వేలకు పైన జపానోళ్లకు లొంగిపోయిండ్రు. అప్పటికే తిండి లేదు, మలేరియా, విరేచనాలు. అసుంటోళ్లను ఎండల దగ్గర దగ్గర 65 మైళ్లు నడిపిచ్చిండ్రు, నీళ్లకు ఆగినోన్ని పొడిచిండ్రు, పడిపోయినోన్ని కాల్చిండ్రు, వేలమంది తొవ్వలనే పాణం ఇడిసిండ్రు. దాంట్ల న్యూమెక్సికో పిలగాండ్లు ఒక్క దెబ్బకు పద్దెనిమిది వందల మంది దాక ఉన్నరు, వాళ్లల్ల సగం మంది ఇంటికి తిరిగి రాలే. అందుకని ఆ రాష్ట్రంల 1989ల ఒక యూనివర్సిటీ ఆర్మీ క్యాడెట్లు వాళ్ల యాదిల ఈ నడక మొదలుపెట్టిండ్రు.

65 మైళ్లంటే నూటైదు కిలోమీటర్లు. నల్గొండ నుంచి సికింద్రాబాద్‌కు అటిటుగ గంతే. మా ఆయనకు ఈ లెక్క దొరికిననాడు ఇంట్ల పండుగే. "చూసినవా, సేమ్ డిస్టెన్స్!" అన్నడు. నేనన్న, ఆ నడకను చావు నడక అన్నరండీ, ఎవడు ఇష్టపడి నడవలే, ఆగితే చంపుతరని నడిచిండ్రు, వాళ్లను యాది చేసుకునేటోళ్లే దాంట్ల సగం కూడా నడుస్తలేరు, వాళ్లకు లేని పంతం మీకెందుకు అని. సప్పుడు చెయ్యలే. సప్పుడు చెయ్యకపోతే ఒప్పుకున్నట్టు గాదు, మా ఇంట్ల.

ఇంకో సంగతి గూడ మా పిల్లనే చదివి చెప్పింది. కర్నల్ బెన్ స్కార్డన్ అని ఒక ముసలాయన, ఆ 1942 నడకల నిజంగ నడిచి బతికి బయటపడ్డోడు, తర్వాత కాలేజీల ఇంగ్లీష్ పాఠాలు చెప్పిండు, 2021ల 104 ఏండ్లకు పోయిండు. ఆయన తొంభై దాటినంక గూడ ఆ మార్చ్‌కు వచ్చేటోడు. వచ్చి ఎనిమిదిన్నర మైళ్లు నడిచి ఆగిపోయేటోడు. 26 గాదు, ఎనిమిదిన్నర. అంతకంటే అసలు సిసలు హక్కుదారు ఎవరున్నరు ఆ నడకకు? ఆయననే "ఇయ్యాల్టికి చాలు" అనుకొని ఆగుతుంటే ఆయనను తక్కువ చేసి మాట్లాడినోడు లేడు, పక్కన మందికి మంది ఆయన పేరు చెప్పుకొని నడిచిండ్రు. పూర్తి దూరం నడవలేనోళ్లకు 14 మైళ్ల చిన్న రూటు గూడ పెట్టిండ్రు ఆడ. మా ఆయన నాకు చూపెట్టిన వీడియోల ఈ ముక్క రాలే, లేకపోతే వచ్చినా ఆయన కండ్లకు ఆనలేదో.

ఇగ ఫౌజు సంగతి. నాకు ఫౌజు గురించి చెప్పుడు ఎవరి వల్ల గాదు, క్వార్టర్లల్ల సంసారం చేసినదాన్ని. ఫౌజుల మనిషిని ఎట్ల పడితే అట్ల ఉరికియ్యరు. మెడికల్ క్యాటగిరీ అని ఉంటది, షేప్ వన్ అంటే అన్ని తీర్ల ఫిట్టు, చెవులు, కండ్లు, కాళ్లు చేతులు, మనసు గూడ చూసి రాస్తరు. ఏ కొంచెం తేడా ఉన్నా కిందికి దించుతరు, ఈ పని చెయ్యొచ్చు ఇది చెయ్యొద్దని కాయితం మీద ఉంటది. పొద్దుగాల పీటీల కళ్లు తిరిగితే సిక్ రిపోర్ట్ చేసి ఎంఐ రూమ్‌కు, అంటే యూనిట్ల డాక్టర్ చూసే కాడికి, పంపుతరు. బరువు కట్టుకొని ఐదు కిలోమీటర్లు ఉరికే టెస్ట్ పెట్టినా గ్రౌండ్ పక్కన అంబులెన్స్ నిలబడ్తది, నర్సింగ్ అసిస్టెంట్ ఉంటడు. అది ఇరవై ఐదేండ్ల పిలగాండ్లకు సార్! ఇప్పుడు వీళ్లు యాభై అరవై ఏండ్లోళ్లు, ఒకాయనకు షుగర్, ఒకాయనకు గుండెల స్టెంట్ పడ్డదట, వీళ్ల వెనక ఏముంటదని అడిగితే మావోళ్ల బావమరిది బొలెరో ఉంటది, దాంట్ల వాటర్ క్యాన్‌లు పెడ్తరు అన్నడు. డాక్టర్ ఎవరంటే "మా గ్రూపుల మెడికల్ కోర్ల చేసినాయన ఉన్నడు, ఆయన గూడ నడుస్తున్నడు" అన్నడు. నడిచేటోడే పడిపోతే ఎవర్ని చూస్తడు ఆయన?

తారీఖు సంగతికొస్తే నాకు నిజంగ కోపమొస్తది. జూన్ 2న చేరాలంటే మే ఆఖరున బయల్దేరాలె. అది రోహిణి కార్తె. రోహిణి కార్తెల రోళ్లు పగులుతయని మన పెద్దోళ్లు ఉత్తగనే అన్నరా? నల్గొండల ఆ రోజులల్ల 44, 45 డిగ్రీలు మామూలు, గవర్నమెంటోళ్లే పదకొండు నుంచి నాలుగు దాక బయటికి రావొద్దని చెప్తరు, ఉపాధి పనికి పోయేటోళ్లు గూడ పొద్దున్నే పోయి ఎండెక్కకముందే మళ్లుతరు. వీళ్లు తారు రోడ్డు మీద పదహారు కిలోలేసుకొని పోతరట. తొవ్వ గూడ చూడండ్రి, నల్గొండ నుంచి నార్కట్‌పల్లి, ఆడికెళ్లి విజయవాడ హైవే, చిట్యాల, చౌటుప్పల్, హయత్‌నగర్. హైవే నాలుగు లైన్లు చేసినప్పుడు పాత చింతచెట్లు పోయినయ్, మనిషి నిలబడే నీడ హోటల్ కాడనో పెట్రోల్ బంకు కాడనో తప్ప లేదు. పగలొద్దు రాత్రి నడుస్తమని ఒక ప్లాను. రాత్రి ఆ రోడ్డు మీద లారీలు, ట్రావెల్స్ బస్సులు ఎట్ల పోతయో తెల్వనోళ్లెవరు, నిద్ర మబ్బుల డ్రైవర్‌కు రోడ్డు పక్కన నడిచే మనిషి కనబడ్తడా? పైగా తారు రోడ్డు పగలంతా తాగిన వేడి అర్ధరాత్రి దాక కక్కుతనే ఉంటది.

వడదెబ్బ గురించి మా పిల్ల నర్సింగ్ చదువుతది కాబట్టి దాని నోట విని నేర్చుకున్నవి నాలుగు చెప్తా, చదివేటోళ్లకు పనికొస్తయ్. ఎండల ఊకె గూసున్నోనికి తగిలే వడదెబ్బ వేరు, బరువు మోసి కష్టపడేటోనికి తగిలేది వేరు. ముసలోళ్లకు ఇంట్ల తగిలే దాంట్ల ఒళ్లు పొడిగైతది, చెమట బందైతది అని అందరు చెప్తరు, కాని కష్టపడేటోనికి చెమట కారుతుండంగనే లోపల వేడి 40 డిగ్రీలు దాటిపోవచ్చు. అందుకని చెమటొస్తుంది గద ఏం గాదు అనుకోవద్దు. గుర్తేందంటే మనిషి మాట తేడా వస్తది, ఒకటి అడిగితే ఇంకొకటి చెప్తడు, తూలుతడు, చిరాకు పడ్తడు, "నాకేం గాలే" అంటడు. అప్పుడు ఆస్పత్రికి ఉరుకుడు కంటే ముందు ఉన్న కాడనే బట్టలు వదులు చేసి ఒంటి నిండ చల్లని నీళ్లు పొయ్యాలె, ఐసు దొరికితే ఐసు పెట్టాలె, మనిషి చల్లబడుకుంట ఉండంగ 108 రావాలె. బొలెరోల ఏసుకొని ఉరికితే ఆ ఉరికిన టైమంతా లోపల మెదడు ఉడుకుతనే ఉంటది.

ఇంకోటి, ఉత్త నీళ్లు కడుపు నిండ తాగుడు గూడ ప్రమాదమేనట, చెమటల ఉప్పు పోతది, ఉత్త నీళ్లే తాగుకుంట పోతే రక్తంల ఉప్పు ఇంకా పలుచబడ్తది, వాంతులు, ఫిట్స్ దాక పోతది. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక లీటర్ నీళ్లకు ఒకటే కలపాలె, గ్లాసుల కలిపి తాగొద్దు. ఉప్పేసిన సల్ల మంచిదే. మా ఆయన అసుంటోళ్లకు అసలు గండం వేరే ఉంది, నీళ్ల గోలీ, బీపీ గోలీ వేసుకొని, మోకాళ్ల నొప్పికి ఒక పెయిన్ కిల్లర్ మింగి, ఎండల ఒంట్ల నీళ్లు పోగొట్టుకుంటే మూడూ కలిసి కిడ్నీల మీద పడ్తయట. అలవాటు లేని బరువు మోసి కండలు చితికితే మూత్రం కోకాకోలా రంగుల వస్తది, అట్లొస్తే నడక కథ ఒడిసినట్టే, డైరెక్ట్ ఆస్పత్రి. ఇవన్నీ ఆయనకు చెప్తే విన్నడు, తల ఊపిండు, తెల్లారి మెడికల్ షాపుకు పోయి పెయిన్ కిల్లర్ స్ట్రిప్పు తెచ్చి పిట్టు పక్క జేబుల పెట్టుకున్నడు.

నా అసలు రంది ఏందో ఇప్పుడు చెప్తా. వీళ్లు చెప్పరు సార్. నొప్పి చెప్పుడు వీళ్లకు రాదు. పద్దెనిమిది పందొమ్మిదేండ్ల వయసుల వీళ్లకు నేర్పిందే అది, పక్కోడు నడుస్తున్నంత సేపు నువ్వు నడవాలె, నువ్వు ఆగితే పక్కోని మీద బరువు పడ్తది. లడాయిల అది పాణం కాపాడే సంగతి, నేను కాదన్న. కాని ఆ అలవాటు పెన్షన్ కాయితం చేతికియ్యంగనే పోదు. మా ఆయన ఒకసారి పొలం కాడ కాలి వేలు ఇరగ్గొట్టుకొని రెండు రోజులు బూట్లేసుకొని బ్యాంకుకు పోయిండు, వేలు నల్లగైనంక గని చెప్పలే. మా గ్రూపోళ్ల భార్యలం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నం, అందరిండ్లల్ల ఇదే పాట. ఒకామె అన్నది, "అక్కా, మా ఆయనకు ఛాతీల నొప్పొస్తే గ్యాస్ అని సోడా తాగి పండుకున్నడు, స్టెంట్ ఏసే దాక ఒప్పుకోలే". ఇసుంటోళ్లు ఇరవై మంది ఒక వరుసల నడిస్తే ముందు ఎవరు ఆగుతరు? ఎవరూ ఆగరు. నాకు దూరంతోని, బరువుతోని గూడ అంత భయం లేదు, ఒకడు ఆగితే నామోషీ అనుకునే ఆ వరుసతోని భయం.

మా అమ్మగారిల్లు అచ్చంపేట. శివరాత్రి ముంగట పాలమూరు దిక్కు నుంచి శివస్వాములు మన్ననూరు మీదుగ నల్లమల దాటి శ్రీశైలం నడుచుకుంట పోతరు, కొందరు చెప్పులు గూడ లేకుండ. మా నాయన గూడ పోయేటోడు. తొవ్వ పొంట అన్నదానాలు, పండుకోను పందిళ్లు, కాళ్లకు నూనె రాసేటోళ్లు, గోలీలిచ్చేటోళ్లు. కాళ్లు పుండ్లు పడి ఇగ నడవలేననుకున్నోడు రోడ్డు మీదికొచ్చి శ్రీశైలం బస్సెక్కుతడు, ముందుగాలనే పోయి గుడి కాడ మిగితోళ్ల కోసం ఎదురుచూస్తడు. బస్సుల వచ్చినవా అని ఎవడూ ఎక్కిరియ్యడు, మల్లన్న గూడ దర్శనం ఇయ్యనని అనడు. దేవుని కాడ లేని పట్టింపు ఈ వాట్సాప్ గ్రూపుల ఎందుకుందో నాకు సమజైతలేదు.

అట్లనే మన చౌటుప్పల్ పక్కనే పోచంపల్లి. వినోబా భావే వార్ధా దిక్కు పౌనార్ నుంచి హైదరాబాద్ పక్కన శివరాంపల్లి దాక నడిచి వచ్చి, ఆడ్నుంచి మళ్ల నడుచుకుంట 1951 ఏప్రిల్ 18న పోచంపల్లికొచ్చిండు. ఆయనకప్పుడు 55 ఏండ్లు, దగ్గర దగ్గర మా ఆయన ఈడే. ఏప్రిల్ ఎండలే. కాని ఆయన తెల్లారకముందే లేచి బయల్దేరి, ఎండ ముదరకముందే ఏదో ఒక ఊర్ల దిగి, మిగితా పొద్దంతా జనంతోని మాట్లాడేటోడు. ఆయన దేశమంతా ఏండ్లకేండ్లు నడిచిండంటే ఇట్ల నడిచిండు కాబట్టే. మా ఆయనకు ఇది చెప్తే "ఆయన పిట్టు మొయ్యలేదు గద" అన్నడు. ఇగ నేనేం జెప్పాలె.

ఆయన మనసుల ఏముందో గూడ నాకు తెలుసు, తెల్వదని ఎవరన్నా అనుకుంటే తప్పు. ఆయన ప్లటూన్ దోస్తు ఒకాయన తిరిగి రాలేదు. ఆయన ఫోటో చిన్నది లామినేషన్ చేయించి పిట్టు లోపల్నే కుట్టించుకున్నడు. నాకు చెప్పలే, ఉతకనీకి తీస్తే కనబడ్డది. నేను గూడ అడగలే. పోయినోని కోసం నడుస్త అంటే భార్యనైన నేను వద్దనుడు చాన కష్టం సార్, ఇది రాసుడు గూడ అందుకే ఇన్నాళ్లు పట్టింది. కాని ఆ దోస్తు భార్య ఇప్పటికి పండుగకు పండుగకు నాకు ఫోన్ చేస్తది, ఆమె బతుకెట్ల గడిచిందో నాకు ఎరుక. ఆమెనే ఈ సంగతి చెప్తే "వదినా, అన్నకు చెప్పు, ఆయన పేరు మీద ఇంకొకరు పోవుడు నాకొద్దు" అన్నది. ఆ మాట ఆయనకు చెప్పిన. ఆనాడు ప్రాక్టీసుకు పోలే. మర్నాడు పోయిండు.

ఏర్పాటు చేసేటోళ్లను నేను అడిగేది మరీ పెద్దవేం గావు. తారీఖు మార్చుండ్రి, డిసెంబర్ 16 ఉంది గద, 1971ల పాకిస్తాన్ ఫౌజు ఢాకాల లొంగిపోయిన రోజు, విజయ్ దివస్, సైనికులు నడవనీకి అంతకంటే మంచి రోజేముంది, చలికాలం, పొద్దు గూడ చల్లగుంటది. జూన్ 2నే కావాలంటే రిలే పెట్టుకోండ్రి, ఒకాయన నార్కట్‌పల్లి దాక, ఇంకొకాయన చిట్యాల దాక, జెండా చేతులు మారుకుంట పోతది, అందరు కలిసి మొత్తం నడిచినట్టే. బరువు ఎవరికి ఎంత అయితే అంత, లేకున్నా సరే. పేరు రాసుకునేటప్పుడే ఈసీహెచ్ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం, డాక్టర్ కాయితం అడగండ్రి, ఈసీజీ, షుగర్, కిడ్నీ టెస్ట్ చూసి ఇచ్చిన కాయితం, దోస్తు రాసిచ్చింది గాదు. వెనక ఒక అంబులెన్స్, దాంట్ల నడవని డాక్టర్. ఆ డాక్టర్ "నువ్వు ఎక్కు" అంటే సుబేదారైనా కర్నలైనా ఎక్కాలె, వాదన లేదు, ఫౌజుల ఆర్డర్ ఎట్లనో అట్ల. ఈ ఒక్క రూలు ముందే రాసి అందరితోని సంతకం పెట్టిస్తే, ఆగినోడు ఓడినట్టు గాదు, ఆర్డర్ పాటించినట్టు. మా ఆయన అసుంటోళ్లకు అర్థమయ్యే భాష అదే.

మీ పేపర్‌ను గూడ ఒకటి అడుగుత, కోపం చెయ్యొద్దు. అరవై ఏండ్ల నవయువకుడు, వయసుకు సవాల్, వృద్ధ సింహం, ఇట్ల హెడ్డింగులు పెడ్తరు మీరు. చదవనీకి మంచిగనే ఉంటది. కాని ఆ కటింగు జేబుల పెట్టుకున్నోడు తొవ్వల ఛాతి పట్టుకున్నా ఆగడు సార్, పేపర్ల పడ్డది గద, ఊరంతా చదివింది గద. రేపు వీళ్లు నడిచిననాడు మీ విలేకరి ఫోటో తీస్తే, ముప్పై కిలోమీటర్లకు చాలనుకొని చిట్యాల కాడ ఆగినాయన ఫోటో గూడ అదే సైజుల వెయ్యండ్రి, ఆయన ఏ రెజిమెంట్‌ల చేసిండో, ఎన్నేండ్లు చేసిండో రాయండ్రి. వాళ్లను యాడి దాక నడిచినవని అడగకుండ ఎవరి కోసం నడిచినవని అడగమనండ్రి.

ఈ ఉత్తరం అచ్చైతే ఆయన చదువుతడు, రాసింది ఎవరో పసిగట్టనీకి రెండు లైన్లు గూడ పట్టదు. పర్వాలేదు. డాక్టర్ కాయితం తెచ్చే దాక ఆ పిట్టు నా బీరువల ఉంటది, దాంట్ల ఇసుక ఇయ్యాల పొద్దుగాలనే తులసికోట కాడ గుమ్మరిచ్చిన, ఫోటో మాత్రం తీసి దేవుని అర్రల పెట్టిన.

ఇట్లు,
ఒక ఫౌజీ భార్య,
నల్గొండ